భార్గవికి పెదనాన్న రాసేది

చిరంజీవి భార్గవికి ఆశీస్సులు.

పొదలకూరు దగ్గర నిమ్మతోట వేయడానికి చిట్టడవిని చదును చేస్తున్నారట. పొక్లెయిన్లు దిగేలోపు అక్కడి పాములనూ తాబేళ్లనూ మీ బృందం తరలిస్తుందట. మీ నాన్న ఫోనులో చెబుతూ "అంతా నీ పోలికే" అని దెప్పాడు. పైకి ఏమీ అనలేదు గానీ పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

అటవీశాఖ అనుమతి చేతికి రాకుండా దేన్నీ ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి నీ సదుద్దేశంతో పని లేదు, సంచిలో ఏముందన్నదే దానికి లెక్క. బూట్లు, టార్చిలైటు సంగతి నీకు చెప్పనక్కర లేదు.

నక్షత్ర తాబేళ్ల సంగతి మాత్రం చెప్పాలి. నేను బడిలో సైన్సు చెప్పే రోజుల్లో రాపూరు వైపు పంట కాలువ తవ్వుతుంటే కూలీలకు గంపెడు దొరికాయి. గుత్తేదారు జాలిగుండె మనిషి. ఎండకు చచ్చిపోతాయని ట్రాక్టరులో వేయించి ఊరి చెరువులో వదిలించాడు. తాబేలంటే నీళ్లలోదే కదా అని అతని ధీమా. కబురు తెలిసి మేం పరుగెత్తేసరికి తూము దగ్గర డిప్పలు తేలుతున్నాయి. అది మెట్ట జీవి, తల్లీ. కాళ్లు చూడు: వేళ్ల మధ్య పొర ఉండదు, ఏనుగు పాదంలా మొద్దుగా ఉంటాయి. ఈత దానికెక్కడిది? గుత్తేదారు మాత్రం "పుణ్యానికి పోతే..." అంటూ గట్టు మీద కూలబడ్డాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

అందుకే అడుగుతున్నాను, వాటిని ఎక్కడ వదులుతారు? దూరాన వెలిగొండల్లో దింపి ఫోటో తీసుకుంటే సరిపోదు. తెలిసిన పొద, తెలిసిన నీడ దొరక్క కొత్త చోట తిరిగి తిరిగి ఏ రోడ్డు మీదో చస్తాయి. చుట్టుపక్కల అలాంటి పొదలే మిగిలి ఉంటే అక్కడే వదలండి. తోట యజమానిని బతిమాలి, ఒక వైపు నుంచే మెల్లగా చదును చేయించండి. చాలా జీవాలు రెండో వైపు పొదల్లోకి వాటంతటవే తప్పుకుంటాయి, మీకు సగం పని తగ్గుతుంది. వీలైతే అక్టోబరు వానలు పడేదాకా ఆగమనండి. మండుటెండలో తాబేలును ఎత్తితే బెదిరి మూత్రం పోసేస్తుంది. ఒంట్లో దాచుకున్న నీళ్లన్నీ అక్కడే పోతాయి. ఇళ్లలో అదృష్టమని పెంచినవి ఎవరైనా తెచ్చిస్తే అడవివాటితో కలపకండి, జబ్బులు అంటుకుంటాయి.

ఇక నా భయం. రక్తపింజరి దగ్గర నీ చురుకు చూపించకు! దాని కోర గుడ్డ సంచిని దాటి దిగుతుంది. సంచి తొడకు తగలకుండా, ఒంటికి దూరంగా పట్టుకో. బయలుదేరే ముందు దగ్గరి ఆసుపత్రికి ఫోను చేసి విషానికి విరుగుడు మందు ఉందో లేదో కనుక్కో. లేదంటే ఆ రోజు పని మానెయ్యి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం వద్దు, నేరుగా ఆసుపత్రికే.

మీ అమ్మకు పాముల మాట ఇంకా చెప్పలేదనుకుంటాను. ఆదివారం వచ్చి నేనే చెబుతాను. అందాకా తాబేళ్ల పని అని మాత్రమే చెప్పు.

మీ పెదనాన్న