లోహమా, ఖనిజమా, ధాతువా?

సందేహం: “గాబన్ దేశంలోని మొవాండా ఓపెన్ పిట్ గని నుంచి మాంగనీస్ లోహాన్ని ఎగుమతి చేస్తున్నారు” అని ఒక వ్యాసంలో చదివాను. లోహం అనవచ్చా? లోహం తీసే రాయికి (ore) బడిలో చదువుకున్న ‘ధాతువు’ ఇక్కడ పనికిరాదా?

సమాధానం: భేషుగ్గా పనికొస్తుంది. ఆ మాటను పరీక్ష రాసి మరిచిపోతున్నారనే నా బాధ.

మొవాండాలో పీఠభూమి పైమట్టి తీస్తే కింద నల్లరాయి. 1962 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు ఆ రాయి తీగల మీద వేలాడే తొట్టెల్లో 76 కిలోమీటర్లు దాటి కాంగోలోని ఎంబిండా చేరేది. అక్కడి నుంచి రైల్లో పాయింట్ నాయిర్ రేవుకు. ఇప్పుడు సొంత రైలుమార్గం మీదుగా ఒవెండో రేవుకు వెళ్తోంది. తొట్టెలో ఉన్నది రాయి, అందులో మాంగనీస్ ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. దాన్ని లోహం అనడం వడ్లను అన్నం అన్నట్టే. కొంత సరుకును మొవాండాలోనే శుద్ధి చేసి మిశ్రలోహం తీస్తున్నారు కానీ, ఓడలకెక్కేది ప్రధానంగా రాయే.

ఇక ధాతువు. కొండల్లో దొరికే మణిశిల లాంటివి ధాతువులనీ, విశేషించి జేగురుకు ఆ పేరనీ అమరకోశంలో అమరసింహుడు చెప్పాడు. మేఘదూతంలో యక్షుడు అలిగిన ప్రియురాలి బొమ్మను రాతి మీద గీసింది దేనితో? “ధాతురాగైః శిలాయామ్” అన్నాడు కాళిదాసు. కొండరాయి నూరితే వచ్చిన రంగుతో! మాంగనీస్ రాయినీ ఆదిమానవులు గుహల గోడల మీద నల్లరంగుగా వాడారు. రాయి, రంగు, లోహం మూడింటినీ కడుపులో పెట్టుకున్న మాట ఇది. క్రియకు మూలమైనదీ, శరీరంలోని ఏడూ ధాతువులే.

ఖనిజమంటే గనిలో పుట్టినది, అంతే. లోహం గిట్టుబాటుగా తీయగలిగితేనే అది ధాతువు. పత్రికలవారి ‘ముడిఖనిజం’ కూడా తప్పు కాదు, పైగా ఇక్కడ ‘ముడి’ చాలా అవసరం. శుద్ధి చేయని మాంగనీస్ ఎగుమతిని 2029 జనవరి 1 నుంచి ఆపేస్తామని గాబన్ ప్రకటించింది. ‘ముడి’ వదిలేసి “మాంగనీస్ ఎగుమతి నిషేధం” అని రాస్తే వార్తే తారుమారవుతుంది.

వార్తకు ముడిఖనిజం, శాస్త్రవ్యాసానికి ధాతువు నా మొగ్గు. ఓపెన్ పిట్‌ను మాత్రం ‘తెరిచిన గొయ్యి’ చేయకండి. ‘ఉపరితల గని’ బాగుంటుంది, ఓపెన్ పిట్ అనే ఉంచినా పేచీ పెట్టను.