మత్తు మానిపించే క్రైస్తవ హోంలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఆయన ఇరవై ఏళ్లుగా తాగుతున్నారు. ఈ మధ్య పొద్దున్నే కాస్త పడితే తప్ప చేతుల వణుకు ఆగడం లేదు. మగవాళ్ల కోసం నడిపే క్రైస్తవ హోంలో చోటు దొరికింది, సోమవారం చేర్చాలి. శనివారం రాత్రి నుంచే మానిపించి ఉపవాస ప్రార్థనలో ఉంచమని సంఘపెద్దలు అంటున్నారు. అలా చేయవచ్చా?
– ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా. ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టరు చూసేదాకా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి. పొద్దున్నే వణుకు ఆపుకోవడానికి తాగాల్సి వస్తోందంటే ఆయన ఒంటికి మద్యం లేకపోతే గడవని స్థితి వచ్చేసింది. అలాంటివారు హఠాత్తుగా మానేస్తే 6 నుంచి 8 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లో. అసలు గండం 48 నుంచి 96 గంటల మధ్య ఉంటుంది. ఒళ్లు కాలిపోవడం, లేని పురుగులు, మనుషులు కనిపించడం, ఇంట్లోవాళ్లనే పోల్చుకోలేకపోవడం. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

శనివారం రాత్రి మానిపిస్తే ఆ గండం సోమవారం రాత్రి మొదలై బుధవారం రాత్రి దాకా నడుస్తుంది. అంటే హోంలో ఆయన మొదటి రాత్రులు అవే. అక్కడ నర్సు లేకపోతే ఆ కలవరింతలు చూసి దయ్యం పట్టిందనుకునే ప్రమాదం ఉంది. ప్రార్థన చేయండి, కానీ ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని చేయండి.

ఉపవాసం ఇప్పుడు అసలే వద్దు. ఏళ్ల తరబడి తాగినవారిలో బీ1 విటమిన్, అంటే థయమిన్, బాగా పడిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. అందుకే ఆస్పత్రిలో ముందు థయమిన్ ఇంజెక్షన్ చేస్తారు. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందు ఇచ్చి రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు. లివర్ దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ వైపు మొగ్గుతారు. ఇదంతా సుమారు వారం పని. రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకు ముందు ఫిట్స్ వచ్చాయా అన్నవి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పరువు కోసం తగ్గించి చెబితే మందు మోతాదు చాలదు.

యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు, దొంగలు కొట్టి పడేసిన మనిషి గాయాలకు కట్టు కట్టాకే అతణ్ణి పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. పెద్దలకు ఆ మాటే చెప్పండి.

ప్రశ్న: తమ్ముణ్ణి చేర్చడానికి రెండు హోంలు చూశాం. రెండిట్లోనూ ఏడాది ఉండాలంటున్నారు. అంత కాలం అవసరమా? ఏది మంచిదో ఎలా తెలుస్తుంది?
– ఒక అన్న

జవాబు: ఏడాది అనగానే అనుమానపడక్కర్లేదు. 1958లో అమెరికా పాస్టరు డేవిడ్ విల్కర్సన్ న్యూయార్క్ కుర్రాళ్ల మధ్య మొదలుపెట్టిన సేవలోంచి వచ్చిన, మత్తు మానిపించే క్రైస్తవ సంస్థ టీన్ ఛాలెంజ్ లాంటి చోట్ల కూడా ఏడాది, అంతకు పైన ఉంచే పద్ధతి ఉంది. ఒళ్లు వారం పది రోజుల్లో తేరుకున్నా నిద్ర, కోపం, మళ్లీ కావాలనే ఆశ దారికి రావడానికి నెలలు పడుతుంది.

హోంకు వెళ్లినప్పుడు మందుల రిజిస్టరు చూపించమని అడగండి. ఎవరికి ఏ మాత్ర, ఏ పూట, ఎవరిచ్చారు అన్నది రోజువారీగా రాసి ఉండాలి. వారం సంతకాలన్నీ ఒకే కలంతో, ఒకే ఊపులో పెట్టినట్టుంటే ఎవరూ చూసుకోవడం లేదని అర్థం. అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి, ఏ బండిలో తీసుకెళ్తారో అడగండి, ఠక్కున జవాబు రావాలి. ‘విశ్వాసం ఉంటే మాత్రలెందుకు’ అని మానసిక వైద్యుడిచ్చిన మందులు ఆపించే చోట చేర్చకండి.

పొద్దున ప్రార్థన, వాక్యం, ఆ తర్వాత వంట, తోటపని, శుభ్రం చేయడం మంచి దినచర్యే. పొద్దస్తమానం బయటి పనులకు పంపుతూ కౌన్సెలింగ్‌ను మొక్కుబడిగా జరిపితే మాత్రం అది వెట్టిచాకిరీ. మొదటి వారాల్లో ఫోను ఇవ్వకపోవడం చాలాచోట్ల ఉన్నదే. కానీ ఉత్తరం కూడా రాయనివ్వకపోయినా, మిమ్మల్ని కలవనివ్వకపోయినా తీసుకొచ్చేయండి. గొలుసులు, దెబ్బలు, తిండి మాడ్చడం కనిపిస్తే ఆ గంటే బయటికి తీసుకురండి. ఆర్నెల్లుగా ఉంటున్న ఒకరితో, సిబ్బంది పక్కన లేకుండా, కాసేపు మాట్లాడండి. అందుకు ఒప్పుకోని హోం నాకు నచ్చదు.

ప్రశ్న: మా సంఘంలో ప్రభువు బల్లకు ద్రాక్షమద్యం వాడతాం. హోం నుంచి వచ్చిన సహోదరుడికి వేరే గిన్నె పెట్టాలా?
– ఒక పాస్టరు

జవాబు: వేరే గిన్నె పెడితే అందరి చూపూ ఆయన మీదే ఉంటుంది. సంఘం మొత్తానికి పులియని ద్రాక్షరసం వాడండి. ఆయన డైసల్ఫిరామ్ మాత్ర, అంటే తాగితే ఒంటికి పడకుండా చేసే మందు, వాడుతుంటే ఇది మరీ ముఖ్యం. ఆ మాత్ర ఆపేశాక రెండు వారాల దాకా కూడా కాస్త మద్యం తగిలితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ రావచ్చు. ఆ మాత్రను ఆయనకు తెలియకుండా అన్నంలో కలపమని ఇంటివాళ్లకు ఎప్పుడూ సలహా ఇవ్వకండి. హోం నుంచి వచ్చి నెల తిరక్కుండా సాక్ష్యం చెప్పడానికి నిలబెట్టకండి కూడా. మళ్లీ జారితే ఆ సిగ్గుతో సంఘానికే రాకుండా పోతారు.

ప్రశ్న: హెరాయిన్ ఎక్కించుకునే మా అబ్బాయి హోంలో ఏడాది పూర్తి చేసి వచ్చే నెల ఇంటికొస్తున్నాడు. మేం ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, అత్యంత ప్రమాదం మొదటి రెండు వారాల్లోనే. ఏడాదిగా మానేశాడు కాబట్టి ఒంటికి పాత తట్టుకునే శక్తి లేదు. ఒక్కసారి జారి పాత మోతాదే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. హెరాయిన్ మీద ఆశ తగ్గించే బుప్రెనార్ఫిన్ మందును డాక్టరు మొదలుపెట్టి ఉంటే ‘ఇదీ మత్తే కదా’ అని ఎవరన్నా ఆపించకండి. ప్రాణం కాపాడే మందు అది. పాత సిమ్ తీసేయించండి, చేతిలో పెద్ద మొత్తం పెట్టకండి. వచ్చిన వారంలోనే సంఘంలో ఒకరు రోజూ పలకరించే ఏర్పాటు హోంవాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి. జారితే తిట్టి తలుపేయకుండా అదే రోజు హోంకు ఫోన్ చేయండి.

డాక్టరుని అడిగి హెరాయిన్ మోతాదు మించినప్పుడు దాన్ని విరిచే నాలొక్సోన్ ముక్కు స్ప్రే తెచ్చుకోండి. పెదవులు నీలంగా మారి, కంటిపాపలు సూదిమొనంత అయి, పిలిచినా పలక్కపోతే ఒక ముక్కుపుటంలో కొట్టి, అంబులెన్సుకు ఫోన్ చేయండి. ఊపిరి లేకపోతే నోటితో ఊదండి, ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 2, 3 నిమిషాల్లో లేవకపోతే రెండోది కొట్టండి. లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఆ మందు 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, ఊపిరి మళ్లీ ఆగవచ్చు. స్ప్రేను తాళం వేసిన బీరువాలో పెట్టకండి. ఇంట్లో అందరికీ, అబ్బాయికి కూడా, తెలిసిన చోట ఉంచండి.