ఇంటర్ చదివే అమ్మాయికి పెద్దనాన్న ఉత్తరం

అమ్మాయీ, ఆశీస్సులు.

విజయవాడ హాస్టలుకు వెళ్లాక నువ్వు బొమ్మల పుస్తకం ముట్టుకోవడం లేదని మీ అమ్మ చెప్పింది. ‘నీట్ అయ్యాక వేసుకుంటాలే పెద్దనాన్నా’ అని నువ్వూ ఫోనులో అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా అక్షరాల మీదే ఉండే కళ్లకు పచ్చదనం ఇప్పుడే కావాలి, పరీక్ష అయ్యాక కాదు.

రోజుకు పది నిమిషాలు చాలు. నిద్ర మాత్రం తగ్గించుకోకు, సాయంత్రం విరామంలో కూర్చో. ఆవరణలో వేపచెట్టు ఉందన్నావుగా, రాలిన రెమ్మ ఒకటి తెచ్చుకుని అందులో ఒక్క పత్రకాన్నే, అంటే రెమ్మకున్న చిన్న ఆకుల్లో ఒకదాన్నే, గియ్యి. అంచున రంపపు పళ్లుంటాయి. నడిమి ఈనెకు అటొకటి ఇటొకటి ఉన్న సగాలు ఆకు మొదలు దగ్గర సమానంగా ఉండవు. రోజూ చూసే ఆకే అయినా, గీస్తే తప్ప ఆ తేడా కంటపడదు. వృక్షశాస్త్రానికీ పనికొస్తుంది, అయితే నేను అందుకని చెప్పడం లేదు.

వీలైన ఆదివారం గుంటూరు రా, ఉప్పలపాడు వెళ్దాం. చలికాలంలో అక్కడి చెరువులో చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలే. పక్షి కదిలిపోతోందని కంగారుపడకు. ఒకే కాగితం మీద నాలుగైదు బొమ్మలు మొదలుపెట్టు. గూడబాతు మెడ ముడుచుకుంటే ఒకటి, రెక్క సాచితే ఇంకొకటి. కాసేపటికి అది మళ్లీ అదే తీరున కూర్చుంటుంది, అప్పుడు ఆపిన గీతను అందుకో. ముందు ఒళ్లు, తర్వాత మెడ వంపు, ముక్కు కింది సంచి. ఈకల జోలికి చివర్లో వెళ్లు. ఎర్రకాళ్ల కొంగకు తోక దగ్గరున్న గులాబీ రంగు కోసం నీళ్ల రంగులు నేను తెస్తాను. రబ్బరు వద్దు. ఫోటో తీసుకుని గదిలో వేస్తానంటే ఒప్పుకోను, ఆరుబయట కూర్చోవడమే ఇందులో సగం మేలు.

వేసినవి ఎవరికీ చూపించనక్కర్లేదు. వారం వారం ర్యాంకులు చూసుకునే చోట ఉన్నావు, ఇందులోనూ మార్కులెందుకు?

పరీక్షకు ముందు నెల ఉప్పలపాడు మానేద్దాం, పది నిమిషాలు మాత్రం మానకు. నాన్నతో నేను మాట్లాడతాను. ఎప్పుడైనా పెన్సిలు పట్టుకోవాలని కూడా అనిపించనంత దిగులేస్తే, నిద్ర పట్టకపోతే, బొమ్మల సంగతి వదిలేసి అమ్మకో నాకో ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా సరే.

మీ పెద్దనాన్న