కొత్త పీఈటీ గారికి, ఒకప్పటి ఖోఖో పిల్ల చెప్పే జవాబు

"ఈ మధ్యే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పీఈటీగా చేరాను. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు గ్రౌండులోకి రావడం లేదు. మీ వ్యాయామ ఉపాధ్యాయులు మీలో ఉత్సాహం ఎలా నింపారు?" అని అడిగారు. నేను ఉపాధ్యాయురాలిని కాను, నర్సును. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో 2001 నుంచి 2006 దాకా చదువుకున్నాను. అందులో మూడేళ్లు ఖోఖో ఆడాను. రాష్ట్ర స్థాయికి వెళ్లినదాన్నేమీ కాదు. అయినా మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

మా సారును ఊరంతా డ్రిల్లు మాస్టారు అనేది. ఆటల గొప్పతనం గురించి ఆయన మాకు ఉపన్యాసం ఇచ్చిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. గుర్తున్నది ఆయన రిజిస్టరు. అట్ట చిరిగిపోతే సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు.

జూన్‌లో బడి తెరిచిన రెండో వారంలో ఆరు నుంచి పది దాకా పిల్లలందరినీ కొలిచేవారు. గోడ మీద బొగ్గుతో గీసిన గీతల దగ్గర నిలబెట్టి ఎత్తు. సున్నం గీత నుంచి సున్నం గీత దాకా వంద మీటర్ల పరుగు. నిలబడ్డచోటు నుంచి దూకితే ఎంత దూరం పడతామో అది. పది మీటర్ల ఎడంలో రెండు రాళ్లు పెట్టి, వాటి మధ్య అటూ ఇటూ నాలుగుసార్లు పరుగు. పేరు పేరునా అన్నీ రాసుకునేవారు. బాగా పరుగెత్తేవాళ్లవే కాదు, నాలుగు అడుగులకే ఆయాసపడే పిల్లవాడివి కూడా అంతే శ్రద్ధగా రాసేవారు. సంక్రాంతి సెలవులు అయ్యాక మళ్లీ ఒకసారి కొలత.

ఎనిమిదో తరగతిలో వంద మీటర్ల పరుగులో మా తరగతి ఆడపిల్లల్లో నేను చివరి నుంచి మూడోదాన్ని. తల వంచుకుని వెళ్లిపోతుంటే మాస్టారు పిలిచారు. రిజిస్టరులో నా వరుస మీద వేలు పెట్టి, "ఇటు చూడమ్మా. నేరుగా పరుగెత్తడంలో నువ్వు వెనకబడ్డావు. రాళ్ల మధ్య తిరగడంలో మాత్రం బడి మొత్తం ఆడపిల్లల్లో రెండోదానివి. మలుపు దగ్గర అందరి కాలూ ఆగుతోంది, నీ కాలు ఆగడం లేదు. రేపు పొద్దున ఏడింటికి రా" అన్నారు.

అంతే. మామూలు పొగడ్త అయితే నాలుగు రోజుల్లో మరచిపోయేదాన్ని. అప్పటిదాకా నా పేరు పక్కన కనిపించిన అంకెలన్నీ లెక్కల మార్కులే, అవీ ఎర్ర సిరాతో. ఈ అంకె మాత్రం నా కాళ్లు సంపాదించినది. ఆ రాత్రి మా పెరట్లో రెండు ఇటుకలు పెట్టుకుని వాటి మధ్య చీకటి పడ్డాక కూడా తిరిగాను.

ఖోఖోకే ఎందుకు పిలిచారో ఆట చూస్తే తెలుస్తుంది. ఎనిమిది మంది గడుల్లో కూర్చుంటారు, ఒకరు ఇటు ముఖం పెడితే పక్కవారు అటు. తొమ్మిదో మనిషి తరుముతుంది. ఆమె కూర్చున్న ఒకరి వీపు తట్టి "ఖో" అంటే వాళ్లు లేచి తరుముతారు, ఆమె వాళ్ల గడిలో కూర్చుంటుంది. తరిమేవాళ్లు ఒక దిక్కు పట్టాక కోర్టు చివర పాతిన పోలు దాటే దాకా వెనక్కి తిరగకూడదు, కూర్చున్నవాళ్ల మధ్య నుంచి దూరకూడదు. తప్పించుకునేవాళ్లకు ఆ కట్టుబాటు లేదు. ఎటు కావాలంటే అటు మెలికలు తిరుగుతూ పోవచ్చు. దాన్నే చెయిన్ అంటాం. ముగ్గురు ముగ్గురుగా దిగుతారు. ఆ ఏడాది దసరా నాటికి నేను మొదటి ముగ్గురిలో ఉన్నాను. వంద మీటర్లలో మా తరగతిలో మొదట వచ్చిన అమ్మాయిని మాస్టారు తరమడానికి పెట్టారు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆ రిజిస్టరు చూసే తేల్చేవారు, ఎవరి పిల్ల అని చూసి కాదు. పల్లెటూరి బడిలో ఆ తేడా పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

మా తరగతిలో పోలియో వచ్చిన అబ్బాయి ఒకడు ఉండేవాడు. అతనికి స్కోరు షీటు రాయడం నేర్పారు. ఖోఖోలో అది చిన్న పని కాదు. ఎవరు ఏ నిమిషంలో అవుటయ్యారో, ఎవరు పట్టారో వెంటవెంటనే రాయాలి. మండల పోటీలకు మాతోపాటు అతన్ని కూడా తీసుకెళ్లారు. బస్సులో కిటికీ పక్క సీటు అతనిదే.

ఇక మా అమ్మ సంగతి. మీకు ఎక్కువగా పనికివచ్చేది ఇదే అనుకుంటున్నాను.

"ఈడొచ్చిన పిల్ల గ్రౌండులో గంతులు వేస్తే ఊరు ఏమంటుంది?" అంది అమ్మ. నేను రెండు రోజులు ప్రాక్టీసుకు వెళ్లలేదు. మూడో రోజు సాయంత్రం మాస్టారు మా ఇంటికి వచ్చారు, భార్యను వెంటబెట్టుకుని. ఆమె వచ్చింది కాబట్టే అమ్మ లోపలికి రమ్మంది. ఇద్దరూ నులక మంచం మీద కూర్చుని మజ్జిగ తాగారు. ఆయన ఆటల గురించి ఏమీ మాట్లాడలేదు. "మీ భయాలేమిటో ఒక్కొక్కటీ చెప్పమ్మా" అని అడిగారు. బట్టలు, అంది అమ్మ. పంజాబీ డ్రెస్సులోనే ఆడుతుంది, చున్నీ నడుముకు కట్టుకుంటుంది అన్నారు. చీకటి పడితే? సాయంత్రం ప్రాక్టీసు లేదు, పొద్దున్నే. మగపిల్లలు? ఆడపిల్లల ప్రాక్టీసు వేరు. పత్తి తీసే రోజుల్లో ఇంట్లో చేతి కింద మనిషి ఉండదు కదా? "శని, ఆదివారాలు పిల్ల మీది. ఆ రెండు రోజులు నేను పిలవను."

"మాట తప్పరు కదా మాస్టారూ?" అంది అమ్మ.

మూడేళ్లలో ఆయన మాట తప్పలేదు. ఒకసారి మండల పోటీల తర్వాత చివరి బస్సు వెళ్లిపోయింది. ముందు మా ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసి, పదిమంది ఇళ్లకూ కబురు చెప్పమని బతిమాలారు. ఆ తర్వాతే ట్రాలీ ఆటో మాట్లాడారు. మేం దిగేసరికి తల్లులంతా రచ్చబండ దగ్గరే ఉన్నారు. ఒక్కరి ముఖంలోనూ కోపం లేదు. మాకు గ్రౌండులో ఏదైనా చూపించాల్సి వస్తే ఆయన ఒంటి మీద చేయి వేసేవారు కాదు, పదో తరగతి అక్కను పిలిచి ఆమెతో చేయించేవారు. వీపు తట్టి "ఖో" చెప్పడం, ఖో పడకముందే లేవకుండా వేళ్ల కొసల మీద కూర్చోవడం, అన్నీ అక్కల దగ్గరే నేర్చుకున్నాం. ఆ జాగ్రత్త వెనక ఎంత ఆలోచన ఉందో ఇప్పుడు, ఒక ఆడపిల్లకు తల్లినయ్యాక అర్థమవుతోంది.

తొమ్మిదో తరగతిలో డివిజన్ పోటీల్లో ఓడిపోయాం. తప్పు నాదే. మా జట్టు తరిమే వంతులో ఆఖరి రెండు నిమిషాల్లో ఖో పడకముందే రెండుసార్లు లేచాను, రెండూ ఫౌళ్లే. మాస్టారు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. మర్నాడు పొద్దున గ్రౌండుకు వెళ్లేసరికి సున్నంతో కోర్టు గీసి ఉంది. ఆ ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరు ఏ గడిలో కూర్చున్నారో అదే వరుసలో కూర్చోబెట్టి మళ్లీ ఆడించారు. ఆరోసారికి నాకు లేవాలన్న తొందర పోయింది. ఇప్పటికీ వార్డులో చేతులు వణికే సమయం వస్తే ఒక్క క్షణం ఆగుతాను, ఆ ఖో వినబడే దాకా ఆగినట్టు.

మా బడిలో జరిగింది వింత కాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పని చేసేది. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె ఎత్తు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నారు. 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది, 2025లో గుమిలో మళ్లీ గెలిచింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పరుగును మొదట గమనించిందీ బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగంలో ఆమెకు కాంస్యం వచ్చింది. వీళ్లకు శిక్షకులు, స్టేడియాలు తర్వాత దొరికాయి. మొదటి చూపు బడి గ్రౌండులోనే పడింది.

మీకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి పిల్లలు కారు, టైంటేబులు. మాకు పదో తరగతిలో ఆటల పీరియడు లెక్కలకు వెళ్లిపోయింది. ఇది నాకు ఇప్పటికీ బాధే. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనం ఇచ్చే కొద్ది పీరియడ్లు కూడా లాక్కుంటాం. మాస్టారు స్టాఫ్ రూములో గొడవ పడలేదు. పదో తరగతి వాళ్లకు పొద్దున ఏడు నుంచి ఏడూ నలభై దాకా గ్రౌండు తెరిచి ఉంచారు, వచ్చేవాళ్లు రావచ్చు అని. నేను ఒక్కరోజు కూడా మానలేదు.

2025 జనవరి 19 రాత్రి ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ ఫైనల్స్ జరిగాయి. మన ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరూ నేపాల్ మీద గెలిచారు. అప్పుడు ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి టీవీ ముందు నుంచి కదలలేదు. "ఈ చెయిన్ నువ్వు తిరిగేదానివా అమ్మా?" అని అడిగింది. హాల్లో కుర్చీలు వరసగా పెట్టి తిరిగి చూపించాను.

ఒక్కటి మరచిపోయాను, ఇది ముందే చెప్పాల్సింది. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం ఉండేది, తాళంచెవి ఆఫీసు గదిలో. ఆఫీసు తెరిచేది తొమ్మిదింటికి, ప్రాక్టీసు ఏడింటికి. మొదటి నెలలో సగం మంది ఎందుకు మానేస్తున్నారో మాస్టారికి అర్థం కాలేదు, మేం చెప్పలేకపోయాం. ఆయన భార్య మమ్మల్ని అడిగి తెలుసుకుంది. మర్నాడే ఆయన హెడ్మాస్టరు గారి అనుమతితో రెండో తాళంచెవి చేయించి, నల్ల దారం కట్టి మా కెప్టెన్ అక్క చేతికి ఇచ్చారు. ఆ వారంలోనే మానేసిన వాళ్లంతా తిరిగి వచ్చారు. మీ బడిలో ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రేపే కనుక్కోండి.