కథల గ్రూపు నడపబోతున్న బిడ్డకు

దేవరకొండ

బిడ్డా,

పదిమంది కూడి, తలా ఒక పాత్ర పట్టుకుని, ఒకే కథను వంతులవారీగా రాసే గ్రూపు పెడుతున్నానని రాశావు. నాగార్జునసాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో కూలీల క్యాంపు కథ అన్నావు. మంచి జాగ పట్టావు. రాళ్లు కొట్టేవాళ్లు, మేస్త్రీలు, గుమాస్తాలు, మునిగిపోయే ఊళ్ల రైతులు అందరూ అక్కడ కలుస్తారు. కథలో ఎంత కొట్టుకున్నా ఫర్వాలేదు. గ్రూపులో లొల్లి మొదలైతే మాత్రం నెల తిరగకముందే మూతపడుతుంది. పాత్రల కొట్లాట మనుషుల దాకా రాకుండా చూడడమే మోడరేటర్ పని. కింద రాసేవన్నీ దానికోసమే.

ముందుగా, వాట్సాప్‌లో పెట్టకు. అందులో చేరినవాళ్ల ఫోన్ నంబర్లు అందరికీ కనబడతాయి. ఆడపిల్లలు రాసే చోట మొదటిరోజే తలనొప్పి తెచ్చుకున్నట్టు. టెలిగ్రాంలో నంబరు దాచుకోవచ్చు, కానీ అది ఎవరికివాళ్లు ప్రైవసీ సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి. కాబట్టి లింక్ పంపేముందే ఆ మాట చెప్పు. గ్రూపులో టాపిక్స్ ఆన్ చేసి నాలుగు గదులు పెట్టు: కథ, పాత్రలు, బయటి ముచ్చట, తీర్మానాలు. కథ గదిలో పాత్ర మాటలే ఉండాలి. రాసేవాళ్లు తమ మాట ఒక్కటి చెప్పాల్సొస్తే రెండేసి బ్రాకెట్ల మధ్య రాయాలి. అది రెండు వాక్యాలు దాటితే బయటి ముచ్చట గదికి పోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టడం బయటి ముచ్చటలో సరే, కథలో వద్దు. సగం ఆ లిపి, సగం ఈ లిపి అయితే చదివేవాళ్లకు ఊపు తెగిపోతుంది.

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. ఒక్కో సన్నివేశంలో ముగ్గురు, మహా అయితే నలుగురు. అయిదుగురు దాటితే ఒకరి మాటకు జవాబు వచ్చేసరికి కథ ఇంకెక్కడికో పోతుంది. వంతుకు నూరు నుంచి రెండువందల మాటలు. గడువు నలభై ఎనిమిది గంటలు. గడువు దాటితే ఆ వంతు దాటిపోతుంది, పాత్ర మాత్రం అక్కడే ఉన్నట్టు లెక్క. ఇలాంటి గ్రూపుల్లో ఎక్కువ చచ్చేది గొడవలతో కాదు, ఒక్కరి వంతు కోసం అందరూ ఎదురుచూసి ఎదురుచూసి చల్లబడిపోవడంతో. అందుకని 'దాటిపోయింది' అనే మాట మొహమాటం లేకుండా నువ్వే అనాలి. వేరేవాళ్లంటే దెప్పినట్టుంటుంది.

చేరేవాళ్ల దగ్గర పాత్ర వివరం ఎనిమిది పంక్తుల్లో తీసుకో: పేరు, వయసు, ఊరు, పని, క్యాంపుకు ఎందుకొచ్చాడు, ఏం కావాలి, దేనికి భయపడతాడు, ఏది చేతకాదు. చివరి రెండూ ఖాళీగా వదిలితే వెనక్కి పంపు. భయం లేని, చేతకానిది లేని పాత్ర ప్రతి సన్నివేశంలోనూ గెలుస్తుంది, అవతలివాళ్లకు రాయబుద్ధి కాదు. ఒక్కొక్కరికి రెండు పాత్రలకు మించొద్దు. నీ పాత్ర వంటవాడో చాకలో అయితే మంచిది. ఇంజనీరు, కాంట్రాక్టరు లాంటి అధికారం ఉన్న పాత్ర మోడరేటర్ చేతిలో ఉంటే కథలో అతనికి ఎదురు తిరగడానికి కూడా జనం జంకుతారు.

కథాకాలం గురించి ఒక్క పేజీ రాసి పిన్ చేయి. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన, 1967లో కాల్వలకు నీళ్లు. నడుమ ఏ ఏడాదో ముందే తేల్చు. 1958 అనుకో: ఆనకట్ట ఇంకా లేస్తూనే ఉంది, గేట్లు ఎత్తే సీను కుదరదు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి, ముసలోళ్లు అణాల్లో లెక్కపెడితే తప్పు కాదు. నిజాం కాలపు రూపాయి, హాలీ సిక్కా, 1959 దాకా పూర్తిగా పోలేదు. నాగార్జునకొండ దగ్గర తవ్వకాలు నడుస్తున్నాయి, తవ్వకాల ఆఫీసరు పాత్ర ఒకటి ఎవరికైనా అంటగట్టు, బాగా పనికొస్తుంది. ఎవరైనా తప్పు తేదీ రాస్తే ఒకసారి చెప్పి దిద్దించు, దానిమీద పంచాయితీ పెట్టకు. చరిత్ర పాఠం చెప్పేవాడు ఒక్కడు చేరితే నలుగురు రాయడం మానేస్తారు.

మాటతీరు సంగతి కూడా అంతే. పాలమూరు యాస పాత్ర నోట వస్తే 'భాష దిద్దుకో' అనే హక్కు ఎవరికీ లేదు, నీకు కూడా.

ఇప్పుడు అసలు తప్పుల దగ్గరికొస్తా. ఎక్కువగా వచ్చేది అవతలి పాత్రను తానే నడిపించడం. రాసేవాళ్లు దీన్ని గాడ్‌మోడింగ్ అంటారు. ఎలా ఉంటుందో చూడు. గుమాస్తాను రాసేవాడు ఇలా పెట్టాడనుకో:

"గుమాస్తా మేస్త్రీ చెంప ఛెళ్లుమనిపించాడు. మేస్త్రీ కిందపడి అతని కాళ్లు పట్టుకుని ఏడ్చాడు."

రెండో వాక్యం గుమాస్తాది కాదు. మేస్త్రీ పడతాడో, చెయ్యి పట్టుకుంటాడో, నవ్వుతాడో అతన్ని రాసేవాళ్లే చెప్పాలి. నిజానికి మొదటి వాక్యంలోనూ దెబ్బ తగిలిపోయింది. "గుమాస్తా చెయ్యెత్తాడు, మేస్త్రీ చెంపకు గురిపెట్టి విసిరాడు" అని ఆపితే చాలు. నువ్వు పెట్టాల్సిన మాట కూడా చిన్నదే: "((మేస్త్రీ ఏం చేశాడో ఆయన్ని రాసేవారు చెప్తారు. దెబ్బ విసరడం దగ్గర ఆపి మళ్లీ పెట్టండి. గుమాస్తా కోపం బాగా వచ్చింది.))" ఇంతే. నియమం నంబరు ఎత్తకు, 'ఎన్నిసార్లు చెప్పాలి' అనకు. దెబ్బ తిన్నందుకు ఎవరూ గ్రూపు వదిలిపోరు, తన పాత్రను తన చేతిలోంచి లాక్కున్నందుకు పోతారు. అందుకే ఈ ఒక్క తప్పును గంటలోపే ఆపాలి. అవతలివాళ్లు జవాబు రాసేశాక వెనక్కి తిప్పాలంటే ఇద్దరికీ కష్టం.

రెండోది, పాత్రకు తెలియని సంగతి పాత్ర మాట్లాడడం. రాత్రి సీనులో గుమాస్తా కూలి డబ్బు కాజేశాడు, చూసినవాళ్లు లేరు. పొద్దున్నే వంటావిడ "దొంగా" అంటుంది. ఆమెను రాసేవాళ్లు చదివారు కాబట్టి తెలిసింది. ఒక్కటే అడుగు: "ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు, ఏ సందేశంలో?" చూపించలేకపోతే ఆ వాక్యం తీసేయాలి. అనుమానం రావడానికి దారి కావాలంటే, గుమాస్తా కొత్త చెప్పులేసుకున్నాడని రాయమను. మొండికేసేవాళ్లు కూడా దారి చూపిస్తే దిగొస్తారు.

ఇంకొకటి, టెలిగ్రాంలో ఎవరి సందేశం వాళ్లు నలభై ఎనిమిది గంటల దాకా మార్చుకోవచ్చు. అవతలివాళ్లు జవాబిచ్చాక పాత మాట మార్చేసి "నేనట్ల అనలేదు" అనేవాళ్లుంటారు. జవాబు వచ్చాక అక్షరదోషం తప్ప ఏదీ మార్చొద్దని రాసిపెట్టు. అనుమానమొస్తే అడ్మిన్లకు కనబడే రీసెంట్ యాక్షన్స్ తెరువు, మార్చకముందు ఏముందో చూపిస్తుంది. అదీ నలభై ఎనిమిది గంటలదే ఉంచుతుంది, కాబట్టి అప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకో.

దొర పాత్ర విషయంలో మాత్రం పైలం. మన నేల కథ కాబట్టి దొర, జీతగాడు, కులం తిట్లు రాకుండా ఉండవు. తిట్టాడని రాయొచ్చు, తిట్టు పూర్తిగా రాయనక్కర్లేదు. "నోటికొచ్చిన కులం మాటలన్నీ అన్నాడు" అంటే చదివేవాళ్లకు అర్థమవుతుంది. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరిని విడిగా అడుగు: ఏవి అసలు రావొద్దు, ఏవి వచ్చినా తెర వెనక జరగాలి. కారణం అడగకు. పేర్లు లేకుండా జాబితా పిన్ చేయి. నడుమ ఎవరికైనా భారమైతే ఒక్క 'ఆపు' అంటే సీను అక్కడికి ఆగాలి. వివరణ తర్వాత, ఇష్టమైతేనే. అదే ఇద్దరు అదే దొరను, అదే జీతగాణ్ని వారాల తరబడి రాస్తూ పోతే పాత్ర కోపం మనిషికి అంటుకుంటుంది. బయటి ముచ్చటలో కూడా ఒకరి మాటకు ఒకరు పుల్లవిరిచినట్టు మాట్లాడుతున్నారంటే అదే గుర్తు. వాళ్లను వేరే సీన్లలోకి మార్చు.

ప్రేమ సీన్ల దగ్గర తలుపు మూసి దీపం ఆర్పడం దగ్గర ఆపించు. గ్రూపు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే పెట్టు. పిల్లల పాత్రలను అశ్లీలంగా చూపే రాత ఐటీ చట్టం 67బి కిందికొస్తుంది. 'కథే కదా' అంటే కుదరదు. అట్లాంటిది పెట్టినవాణ్ని హెచ్చరికల్లేకుండా తీసేయి. ఎదుటివాళ్ల ప్రైవేటు సందేశాలు, ఫోటోలు, చిరునామాలు బయటపెట్టేవాణ్ని, బెదిరించేవాణ్ని కూడా అంతే.

మిగతా తప్పులకు మెట్లుండాలి: మొదట ప్రైవేటుగా ఒక మాట, తర్వాత రాతపూర్వక హెచ్చరిక, తర్వాత వారం రోజులు చదవడమే తప్ప రాయకుండా ఉంచడం, ఆ తర్వాత తీసేయడం. ప్రతిదీ తేదీతో ఒక నోటుబుక్కులో రాసుకో. పాత్ర చేసిన వెధవపనికి ఇవేవీ వర్తించవు. గుమాస్తా దొంగతనం చేస్తే గుమాస్తాను రాసేవాణ్ని ఎవరూ ఏమీ అనకూడదు. నీ పాత్రకు సంబంధించిన లొల్లి అయితే నువ్వు తీర్పు చెప్పకు. అందుకే రెండో మోడరేటర్ మొదటిరోజు నుంచే ఉండాలి, నీ దగ్గరి దోస్తు కాని మనిషైతే ఇంకా మేలు. లొల్లి మరీ ముదిరితే స్లో మోడ్ గంటకు పెట్టు. గంటకొక్క సందేశం అంటే జనం ఆలోచించి రాస్తారు. నువ్వు మాత్రం పెద్ద ఉపన్యాసం పెట్టకు. మూడు వాక్యాలు చాలు, నాలుగోది ఎవరూ చదవరు.

ఒక్కోసారి పాత్ర నోట చావు మాట పదేపదే వస్తుంది, కథకు అవసరం లేకపోయినా. సీను ఆపి, ప్రైవేటుగా "ఇది నీ మాటనా, పాత్ర మాటనా?" అని నేరుగా అడుగు. తనదే అంటే కథ పక్కన పెట్టి మాట్లాడు, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వు, తెలుగులో మాట్లాడతారు. అది గ్రూపులో ఎవరితోనూ అనకు.

వారానికోసారి, ఆదివారం పొద్దున, కథ ఎక్కడిదాకా వచ్చిందో అయిదు పంక్తుల్లో పెట్టు. ఆరువందల సందేశాలు వెనక్కి చదివి చేరే కొత్తవాళ్లు ఉండరు.

బతుకమ్మ తొమ్మిది రోజులు, దసరా కలుపుకుని గడువులన్నీ ఆపేయి. లేకపోతే ఆడవాళ్ల వంతులే వరుసగా దాటిపోతాయి. బతుకమ్మ మొదటిరోజైన ఎంగిలిపూల ముందురోజు సాయంత్రం ఎవరి వంతు దగ్గర ఆగిందో పిన్ చేయి, దసరా మర్నాడు అక్కణ్నుంచే ఎత్తుకుంటారు.

పెద్దబాపు