మళ్ళీ ఎప్పుడొస్తాడని అడగకు

చిన్నోడికి,

పొద్దుటి నుంచీ నువ్వు పంపిన మెసేజ్‌లన్నీ చూశాను. ఫోన్‌లో రెండు ముక్కలు టైప్ చేస్తే తేలే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. సాంటోస్ క్లబ్బు సొంత మైదానం విలా బెల్మీరోలో తన నూరో మ్యాచ్ అని వీపు మీద 100 నంబరు వేసుకుని దిగాడు మన బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు నెయ్‌మార్. 34వ నిమిషంలో ఎడమ తొడ పట్టుకుని కూర్చుండిపోయాడు, ఏడుస్తూ బండి మీద బయటికి వెళ్ళాడు. నువ్వూ ఏడ్చావని, కాలేజీకి కూడా వెళ్ళలేదని మీ అమ్మ చెప్పింది. ఏడిస్తే ఏడ్చావులే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కాకపోతే కళ్ళు తుడుచుకున్న వెంటనే నువ్వు అడిగింది "మళ్ళీ ఎప్పుడొస్తాడు బాబాయ్?" అని. ఆ ప్రశ్న గురించే నాకు కాస్త చెప్పాలని ఉంది.

2025 మార్చిలో ఇదే తొడ ఇబ్బంది పెట్టింది. అర్జెంటీనాతో ఆడాల్సిన బ్రెజిల్ జట్టులో పేరుండి కూడా తప్పుకున్నాడు. ఏప్రిల్ 13న ఫ్లూమినెన్సే అనే క్లబ్బు మీద సబ్‌స్టిట్యూట్‌గా కాసేపు ఆడాడు. మూడు రోజులకే, 16న, ఈ నూరో మ్యాచ్‌కి మొదటి నుంచీ దిగాడు. తొందరపడ్డారని తీర్పు చెప్పడానికి నేను డాక్టర్‌ని కాను. కానీ స్టేడియం నిండా జనం, వందో మ్యాచ్, ప్రత్యేకంగా కుట్టించిన చొక్కా, ఎప్పుడొస్తాడని ప్రపంచమంతా అడుగుతున్న పరిస్థితి. "ఈ వారం వద్దులే" అనే మాట ఎవరి నోటైనా వస్తుందా? ఆ అడిగేవాళ్ళలో నువ్వూ ఒకడివి.

మా రోజుల్లో మాకు రొనాల్డో ఉండేవాడు. నువ్వనుకునే పోర్చుగల్ ఆయన కాదు, బ్రెజిల్ ఆయన. 1999 నవంబర్‌లో, ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్‌కి ఆడుతూ లెచ్చే జట్టు మీద మ్యాచ్‌లో కుడి మోకాలి చిప్ప కింద ఉండే టెండన్, అంటే ఎముకకి బిగించి ఉండే గట్టి నార, చిరిగింది. పారిస్‌లో ఆపరేషన్ చేశారు. ఐదు నెలలు కూడా నిండకముందే, 2000 ఏప్రిల్ 12న, రోమ్‌లో లాజియో జట్టుతో ఇటలీ కప్ ఫైనల్ మొదటి మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చాడు. ఆడింది ఆరేడు నిమిషాలు. బంతి మీదుగా కాళ్ళు తిప్పుతూ ముందుకు ఉరికాడు, ఎవరూ తాకలేదు, ఒక్కడే కూలిపోయాడు. ఈసారి టెండన్ పూర్తిగా తెగి, చిప్ప పైకి తొడవైపు జరిగిపోయింది. అరిచిన అరుపు చూస్తే, కాలు పోయిందని అందరికీ అర్థమైపోయింది. అంతకుముందు ఆ ఐదు నెలలూ ఇటలీ పేపర్లు, బ్రెజిల్ పేపర్లు, అభిమానులు, అందరూ అడిగింది నీ ప్రశ్నే.

ఇంకో ముచ్చట చెబుతాను, నీకు నవ్వొస్తుంది. 2002 ప్రపంచకప్ సెమీఫైనల్‌కి ముందు ఆయనకి కాలి కండరం నొప్పిగా ఉంది. ఎక్కడికెళ్ళినా విలేకరులు కాలి గురించే. తల గొరిగించుకుని, నుదుటి మీద మాత్రం ఒక త్రికోణం ముక్క వదిలేశాడు. చూడటానికి ఘోరంగా ఉంది. మర్నాటి నుంచి అందరూ జుట్టు గురించి అడగడం మొదలుపెట్టారు, కాలి మాట మర్చిపోయారు. అందుకే అలా చేశానని తర్వాత ఆయనే చెప్పాడు. అప్పుడు అది చూసి ప్రపంచం మీద ఎందరు పిల్లలు అలాగే గొరిగించుకున్నారో, వాళ్ళ తల్లులకి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. ప్రశ్నల బాధ తప్పించుకోవడానికి మనిషి అంతపని చేశాడంటే, ఆ ప్రశ్నలు ఎంత బరువో చూడు.

సెమీఫైనల్లో టర్కీ మీద బొటనవేలితో పొడిచి గోల్ కొట్టాడు. జపాన్‌లోని యోకొహామాలో ఫైనల్‌కి మనకి సాయంత్రం నాలుగున్నర. జర్మనీ మీద రెండు గోల్స్, మొత్తం టోర్నమెంట్‌లో ఎనిమిది. అందరూ చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది. నువ్వు మాత్రం ఇక్కడ ఆగకు. 2008 ఫిబ్రవరిలో ఏసీ మిలాన్‌కి ఆడుతుంటే ఎడమ మోకాలికీ అదే గతి పట్టింది. 2011లో ఆట మానేశాడు. కష్టపడితే తప్పకుండా తిరిగొస్తారనే హామీ ఆ 2002 కథలో లేదు. వాన్ బాస్టెన్ అని హాలండ్ ఆటగాడు ఉండేవాడు, నేను చూసినవాళ్ళలో అంత అందంగా గోల్ కొట్టినవాడు లేడు. చీలమండ పాడైపోయింది. 1993 మేలో చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాక మళ్ళీ దిగలేదు. రెండేళ్ళు ఎదురుచూశారు. 1995లో, ముప్పై ఏళ్ళకే, మిలాన్‌లోని సాన్ సిరో స్టేడియంలో మామూలు బట్టల్లో ఒక చుట్టు నడిచి జనానికి సెలవు చెప్పాడు. అలా కూడా జరుగుతుంది. నెయ్‌మార్‌కి అలాగే అవుతుందని కాదు. కానీ 2026 జూన్‌లో ప్రపంచకప్ అని ఇప్పట్నుంచే నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు.

వైద్యం సంగతి నాకు తెలిసినంత చెబుతాను. 2023 అక్టోబర్‌లో మాంటెవిడియోలో ఉరుగ్వే మీద ఆడుతున్నప్పుడు నెయ్‌మార్‌కి ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది కదా, మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ అది. ఆ లిగమెంట్‌ని కుట్టి సరిచేయడం మామూలుగా కుదరదు. శరీరంలో ఇంకోచోటి నుంచి టెండన్ ముక్క తీసి అక్కడ బిగిస్తారు. పొలంలో నాటిన నారు మొదట వాడి పసుపు తిరిగి, తర్వాతే వేరు పట్టుకుంటుంది చూడు, ఆ ముక్క కూడా అంతే. మొదటి నెలల్లో బలపడకపోగా బలహీనపడుతుంది, ఆ తర్వాతే మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది. వాపు తగ్గి, నొప్పి పోయి, మనిషి బాగానే ఉన్నాననుకునే సమయంలోనే లోపల అది నాజూకుగా ఉంటుంది. తొమ్మిది నెలల లోపే పోటీ ఆటలోకి దిగితే మళ్ళీ దెబ్బతినే ప్రమాదం బాగా ఎక్కువని అందుకే అంటారు. నెయ్‌మార్ దాదాపు ఏడాది ఆగి 2024 అక్టోబర్‌లో సౌదీ క్లబ్బు అల్ హిలాల్ తరఫున మళ్ళీ దిగాడు. రెండో మ్యాచ్‌కే తొడ వెనక కండరం పట్టేసింది. మోకాలు నిలబడింది, కండరం నిలబడలేదు. ఏడాదిపాటు పూర్తి వేగంతో పరుగెత్తని ఒంటికి మ్యాచ్ వేగం అలవాటవ్వాలంటే ఇంకా చాలా వారాలు పడుతుంది.

అందుకే క్లబ్బు "ఆరు వారాలు" అని ప్రకటిస్తే దాన్ని పెళ్ళి ముహూర్తంలా పట్టుకోకు. అన్నీ సవ్యంగా జరిగితే అనే షరతు అందులో ఉంటుంది, వాళ్ళు దాన్ని పైకి చెప్పరంతే. తిరిగొచ్చాక కూడా మొదటి పది మ్యాచ్‌ల్లో గోల్స్ లెక్కపెట్టకు. ఇరవై నిమిషాలు ఆడి, నవ్వుతూ నడిచి బయటికొస్తే ఆరోజుకి అది మంచి మ్యాచ్. ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూడటం కూడా మానెయ్. కండరం ఎక్కడ తెగిందో స్లో మోషన్‌లో కనిపెట్టి నువ్వు చేసేదేమీ లేదు, నిద్ర పాడు తప్ప.

ఎవడో ఒకణ్ణి తిట్టాలని చేయి దురద పెడుతుంది. ఈసారి తిట్టడానికి ఎవడూ లేడు, మంచిదే అయింది. 2014 క్వార్టర్ ఫైనల్లో కొలంబియా డిఫెండర్ జునిగా వెనకనుంచి మోకాలితో కొడితే నెయ్‌మార్ వెన్నుపూస విరిగింది. అది దారుణమైన ఫౌలే, నేను కాదనను. కానీ ఆ తర్వాత జునిగాకి చంపేస్తామని బెదిరింపులొచ్చాయి, రంగు పేరు పెట్టి తిట్టారు. రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే చక్రాల కుర్చీలో ఉండేవాణ్ణని కన్నీళ్ళతో చెప్పిన నెయ్‌మార్ కూడా అతని మీద ద్వేషం లేదన్నాడు. దెబ్బ తిన్నవాడికి లేని పగ మనకెందుకు?

ఇక నిన్ను ఉడికించే నీ ఫ్రెండ్స్ సంగతి. "గాజు బొమ్మ" అంటున్నారట. 2018లో కుడి పాదం ఎముక విరగడం, 2019 జనవరిలో మళ్ళీ అదే పాదం, అదే ఏడాది జూన్‌లో చీలమండ, ఈ జాబితా వాళ్ళకి చదివి వినిపించి వాదించకు. వాళ్ళకి కావలసింది నీ ముఖం ఎర్రబడటం. అలాగని విమర్శించినవాళ్ళందరూ శత్రువులనుకోకు. మార్చిలో కాలు బాగోలేనప్పుడు రియో కార్నివాల్‌లో కనిపించాడని చాలామంది మండిపడ్డారు. నాకూ నచ్చలేదు. అభిమానం ఉన్నంత మాత్రాన నచ్చనిది నచ్చలేదని అనకూడదా? ఒక ఫోటో చూసి కండరం ఎందుకు పట్టేసిందో తేల్చేయడం మాత్రం తెలివితక్కువ పని.

ఫుట్‌బాల్ చూడటం మానేస్తానన్నావు, ఆ మాట వెనక్కి తీసుకో. 2019లో అతను లేకుండానే బ్రెజిల్ సొంతగడ్డ మీద దక్షిణ అమెరికా దేశాల టోర్నమెంట్ కోపా అమెరికా గెలిచింది. మొన్న అతను బయటికి వెళ్ళిన మ్యాచ్ కూడా సాంటోస్ 2-0తో గెలిచింది, నువ్వు గమనించావో లేదో. అతను లేనప్పుడు ఆ జట్టు బంతిని ఎటు తిప్పుతోందో చూస్తూ ఉండు. వచ్చాక ఏం మారిందో నీకు బాగా తెలుస్తుంది, చూడ్డంలో రుచీ పెరుగుతుంది.

అన్నట్టు, చీలమండ వాపు తగ్గకుండానే ఆదివారం టర్ఫ్‌కి వెళ్ళి ఆడావట, మీ నాన్న చెప్పాడు. దెబ్బ తగిలిన కాలి మీద ఒక్కదాని మీదే అరనిమిషం నిలబడి చూడు, తర్వాత కళ్ళు మూసుకుని చూడు. రెండో కాలితో పోలిస్తే తూలుతుంటే ఈ ఆదివారం కూడా గట్టునే కూర్చో. వారంలో తగ్గకపోతే ఫిజియోథెరపిస్టుకి చూపించు, ఫీజు నేను పంపిస్తాను.

మీ బాబాయి