కుక్కగా ఉన్నంతసేపు

ప్రియమైన తమ్ముడికి,

నీ కథ చదివాను. ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన తన కుక్కను కారెక్కించుకుని హైదరాబాదులో బయలుదేరడం, వరంగల్ ఆర్.ఇ.సి. ఇంజనీరింగ్ కాలేజీలో తనతో చదివిన స్నేహితులను జనగామలో ఒకరిని, హనుమకొండలో ఒకరిని, ములుగులో ఒకరిని పలకరిస్తూ పోవడం, ఇదంతా కుక్క నోట వినిపించడం. ఎంత మంచి ఆలోచన! మన సామెతల్లో కుక్క ఎక్కువగా తిట్టుకే పనికొచ్చింది. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిన కుక్క కూడా యమధర్మరాజుగా మారాకే నోరు విప్పింది. కుక్కగా ఉన్నంతసేపు ఒక్క మాట అనలేదు. ఆ మాటే నువ్వు రాయబోయావు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

నీ కథలో మాట్లాడుతున్నది కుక్క కాదు, ఆ పెద్దాయనే. బీబీనగర్ దాటగానే టోలు ఎక్కువైందని నొచ్చుకుంటుంది. భువనగిరి కోట ఒకే రాతి గుట్ట మీద ఉందని మురిసిపోతుంది. పాలంపేటకు వచ్చాక రామప్ప గుడిని 1213లో కట్టారనీ, 2021లో యునెస్కో జాబితాలో చేరిందనీ చెబుతుంది. అన్నీ నిజాలే, ఏవీ కుక్క చెప్పేవి కావు. కుక్కను గుడి బయట చెప్పుల దగ్గర కట్టేశారని నువ్వే రాశావు, అదీ ఒక్క వాక్యంలో. తమ్ముడూ, ఆ చెప్పుల కుప్ప కుక్కకు ఎంత పెద్ద లోకమో ఆలోచించావా? ఒక జతకు పొలం బురద, ఒక జతకు బస్సులో ఒలికిన డీజిలు, ఒక పసిపిల్ల చెప్పుకు కారిన ఐస్‌క్రీము. ఎన్ని ఊళ్ళ మనుషులు అక్కడ తమ నడకను విడిచిపెట్టి లోపలికి వెళ్ళారు! శిల్పాల మీద రాసిన పేజీ కొట్టేసి, ఆ పేజీ ఇక్కడ ఖర్చు పెట్టు.

మన ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలుంటే, జాతిని బట్టి కుక్కకు 30 కోట్ల దాకా ఉంటాయంటారు. అంతకంటే నన్ను ఆకట్టుకున్నది దాని ముక్కు తీరు. వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి బయటికి పోతుంది. దానివల్ల నేల మీది వాసన చెదరకుండా కొత్త గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. అలాంటి ముక్కున్న జీవి కథలో నువ్వు వాడినవి రెండే: సువాసన, దుర్వాసన. కుక్కకు ఆ తేడా ఎక్కడిది? మనం ముక్కు మూసుకునే చోట అది ఆగి నిలబడుతుంది. కమురు, నీచు, పచ్చి, మాగిన, మక్కిన, చిలుము పట్టిన, వాన తడిసిన, ఇలా మన ఇళ్ళలో వాసనలకు ఎన్ని మాటలున్నాయో మీ అమ్మగారిని అడుగు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ సన్నివేశం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మిర్చి సీజన్లో యార్డు పక్క రోడ్డున వెళ్ళేవాళ్ళకే తుమ్ములు ఆగవు. అక్కడ నీ కుక్క ఎర్రటి మిర్చి రాశులను చూసి పరవశిస్తోంది! కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి. ఎరుపు మసకబారిన మట్టిరంగులా ఉంటుంది. వరంగల్ చపాటా మిర్చికి పేరొచ్చిందే రంగు వల్ల, దానికి కారం తక్కువ. మన జిల్లా అంతా గర్వపడే ఆ ఎరుపు నీ కుక్కకు అసలు లేదు. ఉన్నదల్లా గోనె సంచుల దుమ్ము, హమాలీల చెమట, ముక్కులోనూ కళ్ళలోనూ మంట. ఎందుకు మండుతోందో తెలియదు. యజమాని మాత్రం అక్కడే నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, కాబట్టి అదీ అక్కడే నిలబడుతుంది. నువ్వు స్నేహం గురించి రాసిన వాక్యాలన్నిటి కంటే ఆ నిలబడటం గొప్పది. దాన్ని ఏ వ్యాఖ్యానమూ లేకుండా రాయి.

ఇక హనుమకొండ స్నేహితుడు. కథకు ప్రాణం ఆయన దగ్గరే ఉంది. ఆయనకు చక్కెర వ్యాధి ముదిరింది, ఆ సంగతి స్నేహితుడికి చెప్పడం లేదు. నీ కుక్క ఆయన చెయ్యి వాసన చూసి ‘ఈయన ఎక్కువ కాలం ఉండడు’ అనుకుంటుంది. అక్కడ పుస్తకం మూసేయాలనిపించింది. రక్తంలో చక్కెర పడిపోతే కుక్కలు పసిగట్టగలవు, అందుకు వాటికి శిక్షణ కూడా ఇస్తారు. కానీ చావు అనే ఆలోచన కుక్కకు ఎందుకు అంటగట్టావు? దానికి తెలిసింది ఒకటే: క్రితంసారి ఈ చేతికి ఉన్న వాసన ఇది కాదు. కాబట్టి మళ్ళీ వాసన చూస్తుంది. సకినాల పళ్ళెం ముందుకొచ్చినా అటు పోదు. పెద్దాయన ‘దీనికి నువ్వంటే ఎంత ఇష్టమోరా’ అని నవ్వుతాడు. ఆయన పొరబడ్డాడు, కుక్క చెప్పలేదు, రోగి ఊరుకున్నాడు. పాఠకుడికి మాత్రం అంతా తెలిసిపోయింది. ఆ ముగ్గురి మధ్య ఉన్న ఖాళీలోకి నువ్వు దూరకు.

ఎన్నో ఏళ్ళ తర్వాత ములుగు స్నేహితుణ్ణి చూసి కుక్క కన్నీళ్ళు పెట్టుకోవడం కూడా నాకు నచ్చలేదు. డార్విన్ తన కుక్క గురించి రాసిన సంగతి ఒకటుంది. కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వని కుక్క అది. ఆయన 5 ఏళ్ళ తర్వాత ఇంటికి వచ్చి పాత పద్ధతిలోనే పిలిచాడు. అది ఎగరలేదు, గంతులు వేయలేదు. అరగంట క్రితమే విడిపోయినట్టు లేచి ఆయన వెంట నడిచింది. చదివిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది. నీ కుక్క చేత కూడా ఆ పనే చేయించు. ములుగాయన చేతికర్ర తీసుకుని చెరువు వైపు కదిలితే, పిలవకుండానే వెనకాల నడవనీ.

కుక్కల గురించి చదువు, బాగా చదువు. యజమానిని చూసినప్పుడు కుక్క తోక కుడివైపుకు ఎక్కువగా ఊగుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు గమనించారు. ఇది నీకు తెలియాలి, నీ కథలోని కుక్కకు తెలియకూడదు. దాని తోక అది చూసుకోదు కదా. కారు ప్రయాణంలో అది పదే పదే ఆవలిస్తే, మూతి నాకుతూ చొంగ కారిస్తే వికారంగా ఉందని నీకు అర్థం కావాలి. అది మాత్రం ‘నేల ఆగడం లేదు’ అని మాత్రమే అనుకోవాలి.

చివరి పేజీ పూర్తిగా తీసెయ్యి. తిరుగు దారిలో కుక్క మనుషుల స్నేహాల మీద చేసే ఆ ప్రసంగం అనవసరం. ములుగు నుంచి హైదరాబాదుకు హనుమకొండ మీదుగానే కదా రావాలి, కారును మళ్ళీ ఆ ఇంటి ముందు ఆపు. నువ్వు ఆ స్నేహితుణ్ణి ఒక్కసారే చూపించి వదిలేశావు. రెండోసారి ఆగినప్పుడు కుక్క ఏం చేస్తుందో నేను చెప్పను, అది నువ్వే కనిపెట్టాలి. అక్కడే కథ ముగించి పంపు, వెంటనే చదువుతాను.

మార్చిలోగా వీలు చూసుకుని మా ఇంటికి రా. పొద్దున్నే ఇద్దరం కలిసి ఎనుమాముల వెళదాం. నీ కుక్కను కూడా తీసుకురా, మా వాకిట్లో వేపచెట్టు నీడ ఉంది. యార్డుకు మాత్రం దాన్ని తీసుకుపోవద్దు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య
హనుమకొండ